అమ్మలాంటి టీచరమ్మ అనే మాట

శ్రీకాళహస్తిలోనైనా, చుట్టుపక్కల పల్లెల్లోనైనా ఒక పెద్దావిడ పోతే పెద్దకర్మ నాటికి వీధి మలుపులో ఫ్లెక్సీ లేస్తుంది. పూలదండ బొమ్మ, దీపం బొమ్మ, నడుమ ఎప్పుడో ఆధార్ కార్డుకోసం తీయించుకున్న ఫొటో. కింద కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవళ్లు, మనవరాళ్ల పేర్లు. ఆవిడ ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ నడిపి ఉంటే ఆ ముప్పై ఏళ్లూ పేరు పక్కన 'రిటైర్డ్' అనే పొట్టి మాటలో ఇమిడిపోతాయి. పరామర్శకు వచ్చినవాళ్లు మాత్రం మనసారా మెచ్చుకుంటారు: సొంత బిడ్డల్లా చూసుకునేది, అమ్మలాంటి టీచరమ్మ, మనవళ్లకీ బడి పిల్లలకీ తేడా తెలియని అవ్వ. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మెచ్చుకోలే ఆమె చేసిన పనిని కనబడకుండా చేస్తోందని నాకనిపిస్తుంది. తల్లి, అవ్వ, టీచరు అనే మూడు మాటల్లో మూడోదాన్ని మొదటి రెండింట్లో కలిపేస్తున్నాం. పిల్లల్ని ప్రేమించడం ఆమెకు పుట్టుకతో వచ్చిందని అనేశాక, ఆమె ఏదో నేర్చుకుంది, సాధన చేసింది, తెలివిగా చేసింది అని ఒప్పుకోవలసిన అవసరం మనకు ఉండదు. ఒప్పుకోని పనికి జీతం కట్టాల్సిన పనీ ఉండదు.

1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల ప్రయోగంగా, అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైంది. ఆ తర్వాత పదిపదిహేనేళ్లలో పథకం పల్లెపల్లెకూ పాకినప్పుడు ఇరవై, పాతికేళ్ల వయసులో చేరినవాళ్లు ఇప్పుడు అవ్వలయ్యారు. పనిలోనుంచి దిగిపోయారు, కొందరు లోకంలోనుంచే వెళ్లిపోతున్నారు. ఆ తరాన్ని ఎలా తలచుకోవాలన్నది అందుకే ఇప్పటి ప్రశ్న. అసలు అంగన్‌వాడీ అన్న మాట వెనుక ఎవరున్నారో చూస్తే 'అమ్మతనం' వాదం ఎంత బలహీనమో తెలుస్తుంది. తారాబాయి మోడక్, ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్ మహారాష్ట్ర తీరంలో బోర్డీలోనూ, ఆ తర్వాత కోస్బాడ్‌లోనూ ఆదివాసీ పిల్లలకోసం బాలవాడీలు నడిపారు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ల వాకిట్లోకి వెళ్లింది. వాకిలి అంటే అంగణం, అందులోంచి వచ్చిందే అంగన్‌వాడీ. ఆ అనుతాయికి పదమూడేళ్లకు పెళ్లి చేశారు, ఆరు నెలలు తిరక్కుండానే భర్త పోయాడు. ఆమెకు పిల్లలు లేరు. బాలింత కాలేదు, జోల పాడలేదు, అయినా దేశంలో చంటిపిల్లల చదువుకు దారి వేసినవాళ్లలో ఆమెది ముందు వరుస. 1907లో రోమ్ నగరంలో పేదల వాడలో పిల్లల ఇల్లు తెరిచిన మరియా మాంటిస్సోరి వైద్యురాలు. కన్న కొడుకు మాత్రం చిన్నప్పుడు వేరేవాళ్ల దగ్గర పెరిగాడు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి శిక్షణ తరగతులు మొదలుపెడితే దాదాపు మూడు వందల మంది చేరారు. వాళ్లు అమ్మతనం నేర్చుకోడానికి వెళ్లలేదు. ఒక విద్య నేర్చుకోడానికి వెళ్లారు.

ఆ విద్య ఏమిటో కొంచెం నిలబడి చూడాలి, ఎందుకంటే చూసేవాళ్లకు అది ఆటలాగే ఉంటుంది. మూడేళ్ల బిడ్డ చేతికి బలపం ఇచ్చి 'అ' దిద్దించమని ఇంట్లోవాళ్లు తొందరపెడతారు. అక్షరమాలలో అది మొదటిదే కానీ చేతికి మొదటిది కాదు. అందులో ఎన్ని మలుపులున్నాయో ఒకసారి గాల్లో రాసి చూడండి. తెలుగు లిపి అంతా గుండ్రన, కాబట్టి నేర్పు తెలిసిన టీచరమ్మ ముందు చింతగింజలు ఏరిస్తుంది, పూసలు గుచ్చిస్తుంది, మట్టితో ఉండలు చేయిస్తుంది, ఇసుకలో సున్నాలు గీయిస్తుంది. వేళ్లకు పట్టు, మణికట్టుకు తిప్పు వచ్చాక గ, ర లాంటి తేలిక ఆకారాలు పలక మీదికి వస్తాయి. దాగుడుమూతలు ఆడించేటప్పుడు పది లెక్కపెట్టేదాకా కళ్లు తెరవకూడదన్న నియమం ఉంటుంది చూశారా, అందులో అంకెలు సగమే. మిగతా సగం, చూడాలన్న కోరికను పది దాకా ఆపుకోవడం. తన వంతు వచ్చేదాకా ఆగడం, చెప్పింది గుర్తుపెట్టుకోవడం, మొదలుపెట్టినదాన్ని మధ్యలో వదలకపోవడం — రేపు ఒకటో తరగతిలో నిలబెట్టేవి ఇవే. పిలిస్తే పలకని బిడ్డ మొండిదా, చెవులు వినబడనిదా అని మొదట అనుమానించేదీ ఆమే. ఇక శ్రీకాళహస్తి ప్రాంతంలో ఇంకొక చిక్కుంది. ఇంట్లో తమిళం వినే పిల్లలు, యానాదుల పిల్లలు, ఊరి తెలుగు తప్ప పుస్తకం తెలుగు చెవిన పడని పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటారు. ఏ మాటతో ఎవరి నోరు తెరుచుకుంటుందో కనిపెట్టి, అక్కడినుంచి బడి భాషకు నడిపించడం పెద్ద చదువులు చదివినవాళ్లకూ సులువు కాదు.

ఇంత కష్టపడితే నిలిచేదెంత అని అడగొచ్చు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి అనే ఊళ్లో 1962 నుంచి 1967 దాకా పేద నల్లజాతి కుటుంబాలకు చెందిన 123 మంది పిల్లలతో ఒక పరిశీలన జరిగింది. పెర్రీ ప్రీస్కూల్ అన్న పేరుతో అది ప్రసిద్ధం. 58 మందిని మూడు, నాలుగేళ్ల వయసులో రోజుకు రెండున్నర గంటలు బడికి రప్పించారు. టీచర్లు వారానికొకసారి ఇంటికి వెళ్లి తల్లితో, బిడ్డతో గడిపేవారు. మిగతా 65 మందికి ఆ అవకాశం లేదు. తెలివితేటల పరీక్షల్లో మొదట కనబడిన తేడా, పిల్లలు పెద్ద బడికి వెళ్లిన కొన్నేళ్లకే చెరిగిపోయింది. అక్కడితో ఆపి ఉంటే 'చూశారా, దండగ' అనేవాళ్లు. కానీ పరిశోధకులు వాళ్లను నలభై ఏళ్ల వయసు దాకా వదల్లేదు. బాలబడికి వెళ్లినవాళ్లు చదువు ఎక్కువ పూర్తిచేశారు, ఎక్కువ సంపాదించారు, పోలీసు కేసుల్లో తక్కువగా ఇరుక్కున్నారు. నోబెల్ పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ ఈ లెక్కల్ని మళ్లీ మళ్లీ తిరగేసి, నిలిచింది అక్షరాలు కాదని, నిలకడ, అదుపు, నలుగురితో మెలగడం లాంటి గుణాలని తేల్చాడు. ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు. అక్కడ పిల్లల్ని చూసింది ఎవరో మంచి మనసున్న ఆడవాళ్లు కాదు. డిగ్రీ చదివి, శిక్షణ పొందిన టీచర్లు.

నూటఇరవైమూడు మంది అమెరికా పిల్లల కథ మన చిత్తూరు, తిరుపతి పల్లెలకు ఎలా అతుకుతుందని ఎవరైనా అంటే ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయితే మన పక్కనే, సరిహద్దు దాటితే తమిళనాడులో జరిగిన పరిశోధన ఉంది. అలెహాంద్రో గనిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 320 అంగన్‌వాడీలను తీసుకుని, చీటీలు వేసినట్టు సగం కేంద్రాలను ఎంచి, ఒక్కోచోట ఒక్కో మనిషిని అదనంగా పెట్టించారు. పూటపని, అది కూడా పిల్లల చదువు చూసుకోవడానికే. ఏడాదిన్నర తర్వాత చూస్తే ఆ కేంద్రాల్లో ప్రీస్కూల్ చదువుకు దొరికే సమయం రెట్టింపయ్యింది, పిల్లలు లెక్కల్లో, భాషలో, ఇందాక చెప్పుకున్న నిలకడలో ముందుకెళ్లారు. పాత టీచరమ్మకు కాస్త ఊపిరి ఆడి పోషణ పనికి తీరిక చిక్కడంతో పౌష్టికాహార లోపం కూడా తగ్గింది. దీన్ని నా వాదనకు వ్యతిరేకంగా కూడా వాడొచ్చు: కొత్తగా వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి చదివిన నిపుణులేం కాదు కదా, మరి నైపుణ్యం ఎక్కడుంది అని. నాకు కనబడేది వేరు. ఏ నేర్పుకైనా ముందు కావలసింది సమయం. మన టీచరమ్మ మీద పథకం పెట్టిన సేవలే ఆరు. అదనపు ఆహారం, ప్రీస్కూల్, పోషణ ఆరోగ్య బోధన, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం. వీటి మీద సర్వేలు, ఫోనులో యాప్, తూకం, గుడ్ల లెక్క. చదువు చెప్పడం ఆరింట్లో ఒకటి, అదీ పై అధికారి తనిఖీలో ఆఖరున అడిగేది. 'అమ్మలాంటిది, ఎంతైనా చేసుకుపోతుంది' అన్న నమ్మకం లేకపోతే ఇన్ని పనులు ఒకే మనిషి నెత్తిన పెట్టడానికి ఎవరికైనా చేయి వచ్చేదా?

ఆ నమ్మకం మాటల్లో ఆగలేదు, జీతాల కాగితంలోకి ఎక్కింది. 1975లో పథకం మొదలైనప్పుడు మెట్రిక్ చదివినవాళ్లకు నెలకు 150 రూపాయలు, చదవనివాళ్లకు 100. దానికి పెట్టిన పేరు గౌరవ వేతనం. ఊరికి సేవ చేసే స్వచ్ఛంద కార్యకర్తకు ఇచ్చే చిరు కానుక అన్నమాట. 2018లో కేంద్రం తన వంతును 4,500 చేసింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొత్తాన్ని 11,500 రూపాయలకు పెంచింది. కోర్టులూ చాలాకాలం ఈ పేరునే పట్టుకున్నాయి. కర్ణాటక నుంచి వచ్చిన అమీర్‌బీ కేసులో 2006లో సుప్రీంకోర్టు వీళ్లు ప్రభుత్వ పోస్టుల్లో ఉన్నవాళ్లు కారని తేల్చింది. 2022 ఏప్రిల్‌లో గుజరాత్ అంగన్‌వాడీల కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గ్రాట్యుటీకి వీళ్లు అర్హులని తీర్పిచ్చింది. ఆ తీర్పులో నాకు ముఖ్యంగా తోచింది డబ్బు సంగతి కాదు, దానికి చెప్పిన కారణం. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ప్రీస్కూల్ నడపడం అచ్చంగా విద్యాబోధనేనని, అక్కడ జరుగుతున్నది టీచరు పనేనని కోర్టు అంది. నలభై ఏడేళ్లు పట్టింది ఆ మాట రావడానికి. మధ్యలో ఎంతమంది చేతిలో ఏమీ లేకుండా ఇంటికి వెళ్లిపోయారో, వాళ్లలో ఎంతమందికి ఫ్లెక్సీలు కట్టారో.

మన రాష్ట్రంలో ఇంకో విడ్డూరం కూడా జరిగింది. జీతాలు పెంచాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. 42 రోజులు సాగింది. 2024 జనవరిలో ప్రభుత్వం వీళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. అంటే అది అత్యవసర సేవ, ఆపడానికి వీల్లేదు అని. సమ్మెలో పిల్లల తిండి ఆగిందని బాధపడినవాళ్లను నేను తప్పుపట్టను, అది నిజమైన నష్టమే. కానీ ఇచ్చేటప్పుడు స్వచ్ఛంద సేవ, ఆపినప్పుడు అత్యవసర సేవ అయ్యే పని లోకంలో ఇంకేముంది? ఇంట్లో అమ్మ వంట తప్ప నాకు ఇంకోటి తోచడం లేదు. పోలిక అక్కడే దొరుకుతోంది.

ఇది నేర్చుకున్న విద్య అన్న నా వాదనకు గట్టి అభ్యంతరం మన ఊరి నేలలోనే ఉంది. ఇది కన్నప్ప ఊరు. శాస్త్రం తెలియని బోయవాడు తిన్నడు నోటితో నీళ్లు తెచ్చి అభిషేకం చేశాడు, ఎంగిలి మాంసం నైవేద్యం పెట్టాడు, అయినా స్వామికి అతడే దగ్గరయ్యాడు. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో ఆ కథను అంత ప్రేమగా చెప్పిందీ అందుకే. మనసుంటే చాలు, శిక్షణలు, సర్టిఫికెట్లు దేనికి అని ఇక్కడివాళ్లు అంటే ఆశ్చర్యం లేదు. నేనూ ఆ కథ పక్షమే. కానీ దాన్ని సరిగా చదవాలి. స్వామి కంట రక్తం కారుతుంటే తన కన్ను ఒకటి పెకిలించి పెట్టాక, స్వామి రెండో కంట కూడా రక్తం కారితే తిన్నడు ఏం చేశాడు? తన రెండో కన్నూ తీస్తే గుడ్డివాడవుతాడు, పెట్టాల్సిన చోటు కనబడదు. అందుకని ముందు కాలు ఆనించి చోటు గుర్తు పెట్టుకున్నాడు. భక్తి ఉప్పొంగే ఆ క్షణంలోనూ పని ఎలా జరగాలో ఆలోచించిన చేయి అది, గురి తెలిసిన వేటగాడి చేయి. అదే క్షేత్రంలో పాము, ఏనుగుల కథ చూడండి. పాము మణులతో పూజించింది, ఏనుగు వాటిని తోసేసి నీళ్లు పోసి బిల్వదళాలు పెట్టింది. ఇద్దరి ప్రేమలోనూ లోటు లేదు. ఎదుటివాళ్లు చేసేదేమిటో తెలియక ఒకరినొకరు చంపుకున్నారు. మోక్షం వచ్చింది సరే, దేవుడి సన్నిధి కాబట్టి వచ్చింది. పిల్లల దగ్గర ప్రేమ ఒక్కటే చాలనుకుంటే ఆ భరోసా లేదు. ప్రేమతోనే కదా మూడేళ్ల బిడ్డ చేత వంద వరకు అంకెలు వల్లె వేయించి చుట్టాల ముందు నిలబెట్టేది.

తల్లినీ అవ్వనూ తక్కువ చేస్తున్నానని ఎవరికైనా అనిపించవచ్చు. నిజానికి పుట్టుకతో వచ్చిందన్న మాట వాళ్లనూ తక్కువ చేస్తుంది. కాళ్లు చాపి, పసిగుడ్డును కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, చెవుల్లో ముక్కులో నీళ్లు పోకుండా స్నానం చేయించడం ఏ బాలింతకూ మొదటిరోజే రాదు. అవ్వ చేసి చూపిస్తేనే వస్తుంది. అవ్వకు వాళ్ల అవ్వ చూపించింది. ఇంట్లో నేర్చుకున్న విద్యకు పట్టా ఉండదు కాబట్టి దాన్ని స్వభావం అంటాం. మన ఊరి కలంకారీ గతీ ఒకప్పుడు ఇదే. ఇంటి పనిగా, కులం పనిగా ఉన్నంతకాలం అడుగంటిపోతూ వచ్చింది. కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టి, నేర్పేవాళ్లను గురువులుగా, నేర్చుకునేవాళ్లను విద్యార్థులుగా గుర్తించాక అది నిలబడింది. 2008లో జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టికి పద్మశ్రీ వచ్చింది. ఆ పనిలో మరో సంగతి ఉంది. బొమ్మ వేసే ముందు బట్టను కరక్కాయ రసంలో, పాలల్లో నానబెట్టి ఆరేస్తారు. బెల్లం, ఇనుప తుక్కు పులియబెట్టిన నల్లటి నీళ్లు ఆ బట్ట మీద పడ్డాకే గీత నల్లగా తిరుగుతుంది, పాలలోని కొవ్వు వల్ల పక్కకు పాకదు. కొనేవాళ్లు చూసేది బొమ్మనే. నానబెట్టడం సరిగా జరగని బట్ట మీద ఎంత గొప్ప చేయి గీసినా గీత నిలవదు. పదో తరగతి ర్యాంకు వచ్చిన రోజు సన్మానం అందుకునే మాస్టార్లకు ఈ సంగతి చెప్పాల్సిన పని లేదు, వాళ్లకు తెలుసు.

ఇక చివరిగా వినిపించేది: అంగన్‌వాడీలో చదువెక్కడుందండీ, గుడ్డు, బాలామృతమే కదా, కాస్త చేతిలో డబ్బున్నవాళ్లంతా పిల్లల్ని కాన్వెంటు నర్సరీకి పంపిస్తున్నారు. చాలాచోట్ల ఇది నిజం, దాచి లాభం లేదు. ఇరుకు గదులు, అద్దె కొంపలు, ఆయమ్మ రాని రోజు వంట కూడా టీచరమ్మే చేయాల్సిన కేంద్రాలు ఉన్నాయి. నిర్లక్ష్యంగా నడిపినవాళ్లూ ఉన్నారు, పోయారు కదా అని వాళ్లందరినీ దేవతల్ని చేయనక్కర్లేదు. అయితే మంచి పనికీ చెడ్డ పనికీ తేడా చెప్పగలగడమే అది విద్య అన్నదానికి గుర్తు. అమ్మతనానికి మార్కులు వేయలేం, టీచరు పనికి వేయగలం. నర్సరీకి పంపేవాళ్లు కూడా కొనుక్కుంటున్నది ఇదే పనిని. డబ్బు కట్టినచోట టీచరని ఒప్పుకుని, కట్టని చోట అమ్మ అంటున్నాం. విజయవాడలో 1955లో మాంటిస్సోరి బడి పెట్టిన వేగె కోటేశ్వరమ్మకు 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో ఆమె పోయినప్పుడు విద్యావేత్త అని రాశారు. సరిగ్గానే రాశారు. ఆమె సంస్థ కట్టింది, పేరున్న బడి నిలిచింది. వాకిట్లో చాప పరిచినవాళ్ల దగ్గర నిలిచేది ఏమిటన్నదే చిక్కు.

దానికి దారి మన పాత జిల్లాలోనే ఒకరు చూపించారు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లె బడుల కోసం పాఠాలను చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, ఊరి పాటలు, కథలు, ఆటలు వాటిలోకి ఎక్కించి, పెట్టెలో బడి అనే పద్ధతిని రూపొందించారు. తర్వాత తమిళనాడు బడుల్లో వచ్చిన మార్పుకు ఆ కార్డులే ఆధారమయ్యాయి. ఎక్కడో నోటికే ఉన్న పని కాగితం మీదికి వచ్చేసరికి ఇంకొకరు నేర్చుకోగలిగారు. ఒక టీచరమ్మను తలచుకునే ఇంట్లోవాళ్లు, ఊరివాళ్లు ఆమె ఎంత మంచిదో చెప్పుకోవడంతో పాటు ఇది కూడా అడగవచ్చు: ఏడుస్తూ వచ్చిన పిల్లను మొదటి వారం ఎలా కూర్చోబెట్టేది? తమిళం మాట్లాడే పిల్లాడికి మొదట ఏ మాట ఇచ్చేది? ఏ వయసుకు ఏ కథ, దాన్ని ఎక్కడ ఆపేది? ఆమె నింపిన రిజిస్టర్లలో వెతికితే పిల్లల హాజరు, బరువు, టీకాల తేదీలు, గుడ్ల లెక్క దొరుకుతాయి. ఈ ప్రశ్నలకు జవాబులు మాత్రం ఉండవు. అవి తెలిసిన మనిషి ఇంకొకరున్నారు, ఆమె పక్కనే కూర్చుని ముప్పై ఏళ్లు అన్నం వండిన ఆయమ్మ. ఆవిడకూ ఇప్పుడు అరవై దాటింది.